ట్యాంకరు కారే చోట

కనిగిరి దాటి పామూరు రోడ్డున
మా వీధికి నీళ్ళు చక్రాల మీద వచ్చేవి,
మంగళవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి.
ఏడుకొండలు ట్రాక్టరు చెడిపోతే అదీ లేదు.
వచ్చినా, వాడు సద్ది తిని
కునుకు తీసి లేచేదాకా గొట్టం విప్పడు.

ఆ గొట్టానికి పాత లుంగీ పీలిక
ఎంత బిగించినా చుక్కచుక్కగా కారేది.
వేపచెట్టు కింద గరపనేల మీద
చాపంత మేర ఎర్ర బురద.
మే నెలలో, ఊరు మొత్తంలో,
పాదం చల్లగా దిగబడే తావు అదొక్కటే.

అక్కకు పదమూడు. నాకు ఎనిమిది.
మాల్యాద్రికి మూడు నిండలేదు,
మొలతాడు తప్ప ఒంటిమీద ఏదీ నిలవదు.
"బిందెలు వరస తప్పకుండా చూడండి, పిలగాడు జాగర్త"
అని అమ్మ పొగాకు గ్రేడింగుకు పోయింది.

బిందెల వెనక బండమీద అక్క కూచుంది
మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని.
ఆ ఏడే ఓణీ వేశారు దానికి.
నీలం ఓణీ, గంజి ఇంకా పోలేదు.
పరిగెత్తబాకు, గట్టిగా నవ్వబాకు
అని ఆ ఎండాకాలమంతా ఇంట్లో ఒకటే మాట.

మాల్యాద్రి బురదలో చతికిలబడ్డాడు.
వాడి ఆట చిన్నది. పిడికెడు తీసి
ఇంకో చోట పెట్టడం, మళ్ళీ మొదటి చోటికి తేవడం,
మధ్యలో కాస్త రుచి చూడటం.
"ఉమ్మరా, ఉమ్ము" అని నోట్లో వేలు పెడితే
కొరికాడు.

నాది పెద్ద ఆట. నేను సోమశిల కడుతున్నా.
పెంకుముక్కలు తూములు, విరిగిన దువ్వెన గేట్లు,
చింతగింజలు కూలీలు.
నిండుతోంది అనుకునేలోపు ఓ మూల చిల్లు.
పూడిస్తే ఇంకో మూల.
మూడోసారి తెగి కూలీలంతా కొట్టుకుపోయి
మాల్యాద్రి తొడ కింద చేరారు.
వాడొకణ్ణి మింగాడేమో, ఇప్పటికీ తెలియదు.

బండమీంచి గొంతు:
"అట్టా కాదే. ముందు గులకరాళ్ళు వెయ్యి."
వేశాను.
"అన్నీ ఒక పక్కే పోస్తావేంది?"
"నీకు తెలిస్తే నువ్వే కట్టు."
కాసేపు ఏమీ లేదు. చల్లారుతున్న ఇంజను టిక్కుటిక్కు.
రోడ్డు ఆ కొసా ఈ కొసా చూసి
అక్క ఓణీ నడుముకు చుట్టి, చెంగు దోపి,
లంగా మోకాళ్ళపైకి లాక్కుని
దిగింది.

మోచేతుల దాకా మన్ను పిసికింది.
ఎండుగడ్డి తుంచి కలిపి మడమతో తొక్కింది.
"మామ గోడ పెట్టేటప్పుడు చూడలా నువ్వు?"
నన్ను రాళ్ళు మోసే మనిషిని చేసింది.
మాల్యాద్రిని ఎత్తి, చిల్లు పడే మూలన
పిర్ర ఆనించి కూచోబెట్టింది:
"కదిలితే ఊరు మునిగిద్ది."
వాడు కదల్లేదు. ఊపిరి కూడా బిగబట్టాడు.
పుట్టిన కాణ్ణించి వాడు
అంతసేపు ఒక్కచోట ఉన్నది ఆ రోజే.

కట్ట నిలిచింది.
ఎన్ని నీళ్ళు? రెండు చెంబులు.
ఒక చీమ ఈదింది, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు.

అప్పుడు వాడు లేచాడు.
ఊరు మునిగింది.
అక్క నవ్వింది, ఏడుకొండలు నిద్రలేచేట్టు.
జారుతూ వాడు ఆసరా పట్టుకున్నది నీలం ఓణీనే,
అయిదు వేళ్ళూ అచ్చుపడ్డాయి.

పొద్దుగూకి అమ్మ వచ్చి
మమ్మల్ని కాదు, ముందు బిందెల్ని లెక్కపెట్టింది.
ఒకటి తాగడానికి, ఒకటి వండడానికి, ఒకటి రేపటికి.
ఇక మా వైపు తిరిగింది.
తిట్లకు మా ఇంట్లో ఎప్పుడూ కరువు లేదు.

రేకు తొట్లో మాల్యాద్రిని నిలబెట్టి
రెండే చెంబులు పోసింది.
వాడి నీళ్ళలో నన్ను.
నా నీళ్ళలో అక్కను, తడిక వెనక.
ఆ ఎర్రనీళ్ళు మునగచెట్టు మొదట్లో.

ఓణీ ఉతకడానికి శుక్రవారం రావాలి.
అందాకా దండెం మీద
మాల్యాద్రి చెయ్యి ఊగుతూనే ఉంది.

ఆ రాత్రి వీధిలో మంచం మీద
నాకు వీపు పెట్టి అక్క పడుకుంది, పెద్దమనిషిలా.
చెవి వెనక ఎండిన మట్టి పెళ్ళ.
అమ్మకు చెప్పలేదు.
అక్కకూ చెప్పలేదు.